వైరస్‌లూ స్పామూ రాకుండా బ్రౌజర్, మెయిల్ ఎంచుకోవడం, సెట్ చేసుకోవడం

పలాసలో జీడిపప్పు వ్యాపారులు, రాజాంలో ఆడిటర్ ఆఫీసుల వాళ్ళు, విజయనగరం మూడు లాంతర్ల దగ్గర డీటీపీ చేసేవాళ్ళు ఎవరు కలిసినా అడిగేది ఒకటే: "ఏ యాంటీవైరస్ కొనమంటారు?" నేను చెప్పే జవాబు చాలామందికి నచ్చదు. కొనడం తర్వాత, ముందు బ్రౌజరూ మెయిలూ సరిచేసుకోండి అంటాను. విండోస్ 10, 11లతో వచ్చే డిఫెండర్ ఇంటికీ చిన్న ఆఫీసుకీ సరిపోతుంది. మనం నొక్కకూడనిది నొక్కి, "అవును" అని అనుమతి ఇచ్చేస్తే ఏ యాంటీవైరస్ అయినా ఎంతవరకు ఆపుతుంది? అలా నొక్కించే సరుకులో ఎక్కువ భాగం వచ్చేది బ్రౌజర్‌లోకి, మెయిల్‌లోకి.

కింద చెప్పిన వరసలోనే చేయండి. విండోస్ సంగతి తేల్చకుండా మెయిల్ సెట్టింగులు మారిస్తే శ్రమ వృథా.

## 1. మొదలుపెట్టే ముందు

ఒక ఆదివారం మధ్యాహ్నం ఈ పనికే కేటాయించండి. షాపులో గిరాకీ మధ్యలో చేస్తే సగంలో ఆగిపోతుంది.

దగ్గర ఉంచుకోవాల్సినవి:

- మెయిల్ పాస్‌వర్డ్, ఆ మెయిల్‌కి లింక్ అయిన ఫోన్
- ముఖ్యమైన ఫైళ్ళ కాపీ ఉన్న ఎక్స్‌టర్నల్ డిస్క్ (కాపీ అయ్యాక తీసేసి బీరువాలో పెట్టండి, తగిలించి వదిలేస్తే ఫైళ్ళకు తాళం వేసే వైరస్ దాన్నీ వదలదు)
- ఆ కంప్యూటర్‌కి తగిలించే పరికరాల జాబితా: ప్రింటర్, వేలిముద్ర యంత్రం, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్
- ఒక నోటు పుస్తకం, పెన్ను

విండోస్ వెర్షన్ తెలియకపోతే సెట్టింగ్స్‌లో సిస్టం, దాని కింద అబౌట్ చూడండి.

## 2. విండోస్ పాతదైతే ముందు అది తేల్చాలి

విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ 2020 జనవరి 14న సపోర్ట్ ఆపేసింది. అందులో క్రోమ్ 109వ వెర్షన్ దగ్గరే ఆగిపోయింది. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ఇళ్ళలో వాడేవాళ్ళు నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 దాకా భద్రతా అప్‌డేట్లు ఇస్తామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలోనే ఆ నమోదు లింక్ కనిపిస్తుంది.

మీ సిస్టం విండోస్ 11ని తీసుకుంటుందంటే దానికి మారిపోవడం మేలు. తీసుకోదంటే విండోస్ బదులు వాడే ఇంకో ఆపరేటింగ్ సిస్టం లినక్స్ మింట్ వేసుకోవచ్చు, ఉచితం. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్, థండర్‌బర్డ్ మెయిల్ ప్రోగ్రామ్ రెండూ దానితోనే వస్తాయి. కాకపోతే ఒక చిక్కు ఉంది. మన వైపు ప్రతి నెట్ సెంటర్‌లోనూ కనిపించే కానన్ 2900 ప్రింటర్ లినక్స్‌లో సుఖంగా పనిచేయదు. వేలిముద్ర యంత్రాలు, సిగ్నేచర్ టోకెన్ల డ్రైవర్లు కూడా ముందు చూసుకోవాలి. ఇంట్లో పిల్లల చదువుకీ, మెయిల్‌కీ అయితే మింట్ హాయిగా నడుస్తుంది. సర్వీసులు చేసే సెంటర్‌కి మాత్రం నేను సలహా ఇవ్వను.

డీటీపీ వాళ్ళ బాధ వేరు. అను ఫాంట్లు, పేజ్‌మేకర్ కోసం విండోస్ 7ని వదలలేరు. వదలక్కర్లేదు. ఆ సిస్టంకి ఇంటర్నెట్ తీసేయండి. పెళ్ళికార్డులు దానిలో కొట్టండి, మెయిల్, బ్యాంకు పని ఇంకో సిస్టంలో చేయండి. మధ్యలో ఫైళ్ళు మోసే పెన్‌డ్రైవ్‌ని కొత్త సిస్టంలో పెట్టినప్పుడల్లా స్కాన్ చేయండి, బయటివాళ్ళ పెన్‌డ్రైవ్ పాత సిస్టంకి తగిలించకండి.

ఇంకొకటి: రోజువారీ పనికి అడ్మిన్ అకౌంట్ వాడకండి. సెట్టింగ్స్‌లో అకౌంట్స్‌కి వెళ్ళి ఇంకో యూజర్‌ని "స్టాండర్డ్" రకంగా చేర్చి, దానితోనే పని చేయండి. ఏదైనా ప్రోగ్రామ్ సిస్టంలో ఎక్కాలని చూస్తే చాలావరకు అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది. అప్పుడు ఒక్క క్షణం ఆలోచించుకునే వీలుంటుంది.

## 3. బ్రౌజర్ ఏది

ఇక్కడ ఎక్కువ చర్చ అక్కర్లేదు. క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ మూడూ అప్‌డేట్‌గా ఉంటే మంచివే. మోసపు సైట్లను మూడూ గుర్తించి ఎర్ర పేజీతో ఆపుతాయి.

నేను ఫైర్‌ఫాక్స్ వైపు మొగ్గుతాను, కారణం యాడ్‌లు. నకిలీ డౌన్‌లోడ్ బటన్లు, "మీ సిస్టంలో వైరస్ ఉంది" అనే పెట్టెలు చాలావరకు ప్రకటనల రూపంలోనే వస్తాయి. వాటిని ఆపే యూబ్లాక్ ఆరిజిన్ ఫైర్‌ఫాక్స్‌లో పూర్తిగా పనిచేస్తుంది. ఎక్స్‌టెన్షన్ల (బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్‌ల) నియమాలు మారాక క్రోమ్‌లో దాని చిన్న రూపం "యూబ్లాక్ ఆరిజిన్ లైట్" మాత్రమే పనిచేస్తోంది, అదీ ఫర్వాలేదు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో క్రోమ్‌కి ఎక్స్‌టెన్షన్లు లేవు, ఫైర్‌ఫాక్స్‌కి ఉన్నాయి.

ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 2022 జూన్‌లోనే రిటైర్ అయింది. పాత పోర్టల్ ఏదైనా అదే కావాలంటే ఎడ్జ్‌లో "ఐఈ మోడ్" ఉంది, ఆ ఒక్క సైట్‌కే వాడండి.

డౌన్‌లోడ్ చేసేటప్పుడు గూగుల్‌లో వెతికి మొదట కనబడిన దాన్ని నొక్కకండి. పైన ఉండేవి ప్రకటనలు కావచ్చు. అడ్రస్ పెట్టెలో మీరే టైప్ చేయండి: ఫైర్‌ఫాక్స్‌కి మొజిల్లా డాట్ ఓఆర్జీ, మెయిల్ ప్రోగ్రామ్‌కి థండర్‌బర్డ్ డాట్ నెట్.

## 4. బ్రౌజర్‌లో మార్చాల్సినవి, వరసగా

అప్‌డేట్. హెల్ప్, అబౌట్ తెరిస్తే తనంతట తానే వెతుక్కుని దిగుతుంది. తర్వాత బ్రౌజర్ మూసి తెరవాలి. రోజుల తరబడి మూయకుండా వాడేవాళ్ళ దగ్గర అప్‌డేట్ దిగి కూడా ఎక్కదు.

ఎక్స్‌టెన్షన్ల ఏరివేత. కూపన్లు చూపించేవి, పీడీఎఫ్ మార్చేవి, వీడియో దించేవి అన్నీ తీసేయండి. మీరు చూసే పేజీలన్నీ చదివే అనుమతి వాటిలో చాలావాటికి ఉంటుంది. యాడ్ ఆపేది ఒకటి, పాస్‌వర్డ్‌లన్నీ భద్రంగా దాచే పాస్‌వర్డ్ మేనేజర్ ఒకటి చాలు.

నోటిఫికేషన్లు. ఇక్కడ కొంచెం ఆగాలి. నా దగ్గరికి "వైరస్" అని వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం వైరస్ కావు, ఇవే. స్క్రీన్ కుడి మూల కింద నుంచి "5 వైరస్‌లు దొరికాయి", "మీ యాంటీవైరస్ గడువు ముగిసింది" అని చీటీలు లేస్తుంటాయి. ఎప్పుడో సినిమా సైట్‌లోనో, ఫలితాలు చూసే సైట్‌లోనో "అలౌ" నొక్కారు. అప్పటినుంచి ఆ సైట్ తెరవకపోయినా చీటీలు పంపిస్తూనే ఉంటుంది. యాంటీవైరస్‌తో స్కాన్ చేస్తే ఏమీ దొరకదు, ఎందుకంటే సిస్టంలో ఏమీ లేదు. కొందరు దీనికే ఫార్మాట్ కొట్టించి డబ్బులిచ్చిన సందర్భాలున్నాయి.

తీయడం రెండు నిమిషాల పని:

- క్రోమ్‌లో: సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్. అనుమతి ఉన్న సైట్ల జాబితాలో తెలియనివన్నీ తీసేయండి. పైన "సైట్లకు అనుమతి లేదు" అనే ఎంపిక పెట్టండి.
- ఫైర్‌ఫాక్స్‌లో: సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, పర్మిషన్స్ కింద నోటిఫికేషన్స్ పక్కన సెట్టింగ్స్. అన్నీ తొలగించి, కొత్త అభ్యర్థనలను ఆపే గడిలో టిక్ పెట్టండి.
- ఫోన్‌లో క్రోమ్‌కీ ఇదే చేయండి. ఇంట్లో పెద్దవాళ్ళ ఫోన్లలో తప్పకుండా చూడండి.

సురక్షిత కనెక్షన్. ఫైర్‌ఫాక్స్‌లో "హెచ్‌టీటీపీఎస్ ఓన్లీ", క్రోమ్‌లో "ఆల్వేస్ యూజ్ సెక్యూర్ కనెక్షన్స్" ఆన్ చేయండి. అయితే తాళం గుర్తు ఉన్నంత మాత్రాన సైట్ మంచిదని కాదు. దొంగ సైట్‌కీ తాళం ఉంటుంది. చూడాల్సింది అడ్రస్ చివర. ప్రభుత్వానివి ఎక్కువ భాగం "గవ్ డాట్ ఇన్"తో ముగుస్తాయి. బ్యాంకులు తమ సైట్లను 2025 అక్టోబర్ 31 లోపు "బ్యాంక్ డాట్ ఇన్"కి మార్చాలని రిజర్వ్ బ్యాంక్ ఆదేశించింది, కాబట్టి మీ బ్యాంకు పేజీ చివర అది ఉందో లేదో చూసి బుక్‌మార్క్ చేసుకోండి. ఇక నుంచి బుక్‌మార్క్ నుంచే వెళ్ళండి.

## 5. భయపెట్టే పేజీ వస్తే

రెండు రకాలు ఎక్కువగా తిరుగుతున్నాయి.

మొదటిది తెర నిండా ఎర్రగా వచ్చి, బీప్ మోగుతూ, మైక్రోసాఫ్ట్ పేరుతో ఫోన్ నంబర్ చూపిస్తుంది. మైక్రోసాఫ్ట్ అలా నంబర్ ఇవ్వదు. ఎస్కేప్ కీ కాసేపు నొక్కి ఉంచండి. పోకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ని మూసేయండి. మళ్ళీ తెరిచినప్పుడు "పాత పేజీలు తెరవాలా" అంటే వద్దనండి.

రెండోది మరీ గడుసుది. "మీరు రోబో కాదని నిరూపించండి" అంటూ విండోస్ కీతో ఆర్ నొక్కమని, తర్వాత కంట్రోల్ వీ, ఎంటర్ నొక్కమని చెబుతుంది. ఆ మూడు నొక్కులతో వాళ్ళ ఆదేశాన్ని మీ చేతే మీ సిస్టంలో నడిపిస్తారు. నిజమైన సైట్ ఏదీ బ్రౌజర్ బయట కీలు నొక్కమని అడగదు. షాపులో పనిచేసే కుర్రాళ్ళకి ఈ ఒక్కటీ చూపించి చెప్పండి.

## 6. మెయిల్: బ్రౌజర్‌లోనా, ప్రోగ్రామ్‌లోనా

ఒకటో రెండో మెయిల్ ఐడీలు ఉంటే బ్రౌజర్‌లో జీమెయిల్ చూసుకోవడమే సులువు, భద్రం కూడా. డాట్ ఇఎక్స్ఇ, డాట్ జేఎస్, డాట్ ఐఎస్ఓ లాంటి ఫైళ్ళను జీమెయిల్ దిగనివ్వదు, మిగతావాటిలో చాలావాటిని దించకుండానే తెరిచి చూపిస్తుంది.

కంపెనీ పేరుతో ఐడీ, నాలుగైదు అకౌంట్లు, ఏళ్ళనాటి ఆర్డర్లు ఉన్నవాళ్ళకి థండర్‌బర్డ్ బాగుంటుంది. మెయిల్‌లోని బయటి చిత్రాలను అది మొదటి నుంచే ఆపుతుంది. ఆ చిత్రాలు లోడ్ అయితే మీరు మెయిల్ తెరిచారని, ఐడీ వాడుకలో ఉందని స్పామ్ పంపినవాడికి తెలిసిపోతుంది. ఆ తర్వాత వచ్చే వరద వేరు.

థండర్‌బర్డ్ పెట్టుకున్నాక:

- జీమెయిల్ జోడించేటప్పుడు గూగుల్ లాగిన్ పేజీ తెరుచుకుంటుంది, పాస్‌వర్డ్ అక్కడే కొట్టండి
- ఐమ్యాప్ ఎంచుకోండి, మెయిళ్ళు సర్వర్‌లోనూ ఉంటాయి
- అకౌంట్ సెట్టింగ్స్‌లో జంక్ సెట్టింగ్స్‌కి వెళ్ళి నేర్చుకునే ఫిల్టర్ ఆన్ చేయండి
- అనుమానం వచ్చిన మెయిల్‌ని వ్యూ మెనూలో "ప్లెయిన్ టెక్స్ట్"గా మార్చి చదవండి. రంగులూ బటన్లూ పోయి, లింక్ అసలు అడ్రస్ బయటపడుతుంది.

విండోస్‌తో వచ్చిన పాత మెయిల్ యాప్‌కి 2024 చివరితో సపోర్ట్ అయిపోయింది. దాని స్థానంలో వచ్చిన కొత్త అవుట్‌లుక్ మీ జీమెయిల్ కాపీని మైక్రోసాఫ్ట్ సర్వర్లలోకి కూడా తీసుకుంటుంది. అది ఇష్టమో కాదో మీరే తేల్చుకోండి. క్రాక్ చేసిన (కొనకుండా దొంగదారిన వాడే) ఆఫీస్ 2007, 2010లలో ఉన్న అవుట్‌లుక్ మాత్రం ఈ రోజే మానేయండి. వర్డ్, ఎక్సెల్ పనికి లిబ్రెఆఫీస్ ఉచితంగా ఉంది.

జీమెయిల్‌లో కూడా చిత్రాలు ఆపవచ్చు. సెట్టింగ్స్‌లో "సీ ఆల్ సెట్టింగ్స్" నొక్కి, జనరల్ కింద ఇమేజెస్ దగ్గర "అడిగి చూపించు" అనే రెండో ఎంపిక పెట్టండి.

## 7. ఆ జీమెయిల్ నిజంగా మీదేనా

డీఎస్సీకో, స్కాలర్‌షిప్‌కో దరఖాస్తు చేయడానికి వెళితే నెట్ సెంటర్ వాళ్ళే అప్పటికప్పుడు జీమెయిల్ తెరిచి ఇస్తారు. పాస్‌వర్డ్ వాళ్ళు పెడతారు, రికవరీ ఫోన్ నంబర్ కూడా ఒక్కోసారి వాళ్ళదే. తర్వాత ఆ ఐడీయే బ్యాంకుకీ, పాన్‌కీ ఎక్కుతుంది. దురుద్దేశం లేకపోయినా, తాళం చెవి వేరేవాళ్ళ జేబులో ఉన్నట్టే కదా.

గూగుల్ అకౌంట్ తెరిచి సెక్యూరిటీ విభాగంలో ఇవి చూడండి:

- రికవరీ ఫోన్, రికవరీ మెయిల్ మీవేనా
- "యువర్ డివైసెస్"లో తెలియని కంప్యూటర్లు ఉంటే సైన్ అవుట్
- కొత్త పాస్‌వర్డ్, ఇంకెక్కడా వాడనిది
- టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌లో కూడా నిర్ధారించడం) ఆన్
- ఫోన్ పోతే పనికొచ్చే 10 బ్యాకప్ కోడ్‌లు ప్రింట్ తీసి, భూమి పత్రాలతో పాటు దాచడం

బయట సెంటర్‌లో మెయిల్ తెరవాల్సి వస్తే ఇన్‌కాగ్నిటో విండోలో (మూయగానే లాగిన్, హిస్టరీ మర్చిపోయే విండో) తెరవండి, పాస్‌వర్డ్ సేవ్ చేయమంటే వద్దనండి, లేచేముందు విండో మూయండి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో మీ ఆధార్, మార్కుల జాబితా మిగిలిపోయాయేమో చూసి తొలగించండి. ఇన్‌కాగ్నిటో వాటిని తుడవదు.

## 8. స్పామ్ తగ్గించే పద్ధతి

రెండు ఐడీలు పెట్టుకోండి. ఒకటి బ్యాంకు, పాన్, ఆధార్, పన్నులకు మాత్రమే. రెండోది షాపింగ్, ఫారాలు, యాప్‌లకు. మొదటిదాన్ని విజిటింగ్ కార్డు మీద వేయించకండి.

స్పామ్ వచ్చినప్పుడు డిలీట్ చేసి ఊరుకుంటే ఫిల్టర్‌కి ఏమీ తెలియదు. "రిపోర్ట్ స్పామ్" నొక్కితే నేర్చుకుంటుంది. మంచి మెయిల్ స్పామ్‌లో పడితే "నాట్ స్పామ్" కూడా అంతే ముఖ్యం. జీమెయిల్ స్పామ్‌ని 30 రోజులకు తుడిచేస్తుంది, అందుకే వారానికోసారి అందులో ఒక చూపు వేయండి.

మీరు నిజంగా కొన్న కంపెనీ నుంచి ప్రకటనలు వస్తుంటే పంపినవారి పేరు పక్కన జీమెయిల్ చూపించే "అన్‌సబ్‌స్క్రైబ్" వాడండి. ఊరూపేరూ లేని మెయిల్ అడుగున ఉన్న లింక్‌ని మాత్రం ముట్టుకోవద్దు.

## 9. అటాచ్‌మెంట్ తెరిచే ముందు

"ఏటి బావూ, ఇది నొక్కీమంటావా?" అని మా దగ్గర ఫోన్ చేసి అడిగేవాళ్ళున్నారు. అడగడం చాలా మంచి అలవాటు. ఎవరినీ అడగక్కర్లేకుండా తేల్చుకునే మార్గం ఇది.

ముందు విండోస్‌లో ఫైల్ పేరు చివర కనబడేలా చేయండి: ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ, షో, ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్. ఇది చేయకపోతే "ఇన్‌వాయిస్ డాట్ పీడీఎఫ్ డాట్ ఇఎక్స్ఇ" అన్నది "ఇన్‌వాయిస్ డాట్ పీడీఎఫ్" లాగే కనిపిస్తుంది.

చివర చూసి తేల్చుకోండి:

- ఇఎక్స్ఇ, ఎస్‌సీఆర్, జేఎస్, వీబీఎస్, బ్యాట్, ఎల్ఎన్‌కే, ఐఎస్ఓ: తెరవకూడదు. బిల్లు పంపేవాడికి వీటితో పని ఉండదు.
- హెచ్‌టీఎమ్ఎల్: బ్యాంకు లాగానో, జీమెయిల్ లాగానో లాగిన్ పేజీ తెరుచుకుంటుంది. పాస్‌వర్డ్ కోసం వేసిన వల.
- జిప్, పాస్‌వర్డ్ మెయిల్‌లోనే రాసి ఉంటే: స్కానర్ లోపలికి చూడకుండా చేసే ఎత్తు. పంపినవారికి ఫోన్ చేసి అడిగాకే.
- డాక్‌ఎం, ఎక్స్ఎల్ఎస్ఎం, లేదా "ఎనేబుల్ కంటెంట్" నొక్కమనే ఏ ఫైలైనా: నొక్కొద్దు. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్ళలో మాక్రోలను (ఫైల్ లోపల దాగి నడిచే ఆదేశాలను) మైక్రోసాఫ్ట్ 2022 నుంచి తానే ఆపుతోంది. ఎలా తెరవాలో వివరిస్తూ మెయిల్ వచ్చిందంటే అది మోసమే.
- పీడీఎఫ్: జీమెయిల్ ప్రివ్యూలో చూడండి. లోపలి లింకులు, క్యూఆర్ కోడ్‌లు వాడకండి.
- ఏపీకే: ఇది ఫోన్ యాప్. ట్రాఫిక్ చలానా, పీఎం కిసాన్ పేర్లతో వాట్సాప్‌లో తిరిగేది ఇదే. ఏ శాఖా యాప్‌ని వాట్సాప్‌లో పంపదు.

ఉద్దానం కుర్రాళ్ళకి ఓడలో పని, గల్ఫ్‌లో వెల్డర్ పని అంటూ ఆఫర్ లెటర్లు వస్తుంటాయి. పీడీఎఫ్‌లో వైరస్ ఉండకపోవచ్చు, మోసం వీసా ఫీజులో ఉంటుంది. విదేశీ ఉద్యోగాల ఏజెంటు పేరు కేంద్రం ఈ-మైగ్రేట్ సైట్‌లో ఉందో చూడండి. ఓడ ఉద్యోగమైతే ఆ ఏజెన్సీకి ఓడల వ్యవహారాలు చూసే కేంద్ర సంస్థ డీజీ షిప్పింగ్ లైసెన్స్ ఉండాలి.

## 10. "మా బ్యాంకు ఖాతా మారింది" అనే మెయిల్

వ్యాపారులకు అన్నిటికంటే ఖరీదైన దెబ్బ ఇదే. ఇందులో వైరస్ కూడా అక్కర్లేదు. జీడిగింజలు పంపే పార్టీతో మీరు మాట్లాడుకుంటున్న మెయిల్ వరసలోనే, అదే బిల్లు నంబరుతో, అదే భాషలో "ఆడిట్ వల్ల ఈసారి ఈ ఖాతాకి వేయండి" అని వస్తుంది. ఇద్దరిలో ఎవరో ఒకరి మెయిల్‌లో దొంగ ముందే కూర్చుని అన్నీ చదువుతున్నాడన్నమాట.

ఆపే విధానం:

1. పంపినవారి పేరు కాదు, పూర్తి అడ్రస్ చదవండి. ఒక అక్షరం తేడా ఉంటుంది.
2. జీమెయిల్‌లో మూడు చుక్కలు నొక్కి "షో ఒరిజినల్" తెరవండి. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ (మెయిల్ ఆ అడ్రస్ నుంచే వచ్చిందా అని చూసే మూడు పరీక్షలు) దగ్గర "ఫెయిల్" ఉంటే అక్కడితో ఆగిపోండి. "పాస్" ఉన్నా నమ్మేయొద్దు, దొంగిలించిన అకౌంట్ నుంచి వచ్చినా పాసే వస్తుంది.
3. మెయిల్‌లో ఉన్న నంబరుకి కాకుండా, మీ పాత బిల్లు మీదున్న నంబరుకి ఫోన్ చేసి నోటితో అడగండి.
4. మీ జీమెయిల్ సెట్టింగ్స్‌లో ఫిల్టర్స్, ఫార్వర్డింగ్ రెండు ట్యాబ్‌లు చూడండి. మీరు పెట్టని నియమం ఉంటే తీసేయండి. పాస్‌వర్డ్ మార్చినా ఆ ఫార్వర్డింగ్ అలాగే నడుస్తుంది.

మూడోది మొహమాటం లేకుండా చేయాలి. "ఇన్నేళ్ళ పార్టీని అనుమానిస్తే బాగోదేమో" అనుకునే చోటే డబ్బు పోతుంది.

## 11. ఎక్కువగా కనిపించే తప్పులు

రెండు యాంటీవైరస్‌లు వేయడం. ఒకదానితో ఒకటి తగాదా పడి సిస్టం నెమ్మదిస్తుంది. ఒకటి ఉంచండి.

క్రాక్ ఎక్కించేటప్పుడు డిఫెండర్ ఆపడం. ఆపమని చెప్పే సూచనే ప్రమాద ఘంటిక. అసలు కొనలేకపోతే ఉచిత ప్రోగ్రామ్ వాడండి.

ఆఫీసంతా ఒకే మెయిల్ పాస్‌వర్డ్. గుమాస్తా మానేసినప్పుడు కూడా మారదు. మనిషికో ఐడీ ఇవ్వండి, లేదా మానేసిన రోజే మార్చండి.

పాస్‌వర్డ్‌లు డెస్క్‌టాప్ మీద నోట్‌ప్యాడ్‌లో. బిట్‌వార్డెన్ లాంటి మేనేజర్ నేర్చుకోండి. కష్టమైతే కాగితం మీద రాసి బీరువాలో పెట్టినా ఇంతకంటే నయం.

## 12. ఇప్పటికే నొక్కేసి ఉంటే

టెన్షన్ పడి సిస్టంలో ఏవేవో నొక్కకండి. ఈ వరసలో వెళ్ళండి.

1. వైఫై ఆపండి, కేబుల్ లాగేయండి.
2. డబ్బు పోయి ఉంటే మిగతావన్నీ పక్కనపెట్టి 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకీ చెప్పండి. ఫిర్యాదు సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో నమోదు చేయండి. ఎంత తొందరగా చెబితే డబ్బు దారిలోనే ఆపే అవకాశం అంత ఎక్కువ.
3. వేరే ఫోన్ నుంచి మెయిల్ పాస్‌వర్డ్ మార్చి, అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్ చేయండి. అదే సిస్టంలో మారిస్తే కొత్తదీ వాళ్ళకే చేరుతుంది.
4. బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లన్నీ పోయాయనే లెక్కవేసి, బ్యాంకుతో మొదలుపెట్టి మార్చండి.
5. విండోస్ సెక్యూరిటీలో వైరస్ విభాగం, స్కాన్ ఆప్షన్స్, "డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్" నడపండి. సిస్టం రీస్టార్ట్ అయి, విండోస్ లేవకముందే వెతుకుతుంది.
6. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ నడిపే సైబర్ స్వచ్ఛతా కేంద్రం సైట్‌లో ఉచిత క్లీనింగ్ టూల్స్ ఉన్నాయి, వేరే సిస్టంలో దించి తెచ్చుకోవచ్చు.
7. ఫైళ్ళ పేర్లు మారిపోయి డబ్బు అడిగే చీటీ కనిపిస్తే స్కాన్‌తో తీరదు. చీటీని ఫోటో తీసుకోండి, డబ్బు కట్టకండి, ఫిర్యాదు ఇచ్చాక విండోస్ కొత్తగా వేయించి, బీరువాలోని డిస్క్ నుంచి ఫైళ్ళు తిరిగి పెట్టుకోండి.
8. మీ మెయిల్ నుంచి పార్టీలకు ఏమైనా వెళ్ళాయేమో సెంట్ ఫోల్డర్‌లో చూసి, వెళ్ళిన ప్రతివారికీ ఫోన్ చేసి తెరవొద్దని చెప్పండి.